గడప దగ్గర ఆగిపోయే పైపు



వానాకాలంలో మొదటి గట్టి వాన పడిందంటే, పులాంగ్ వాగు దరిదాపుల్లో పల్లపు గల్లీల ఆడవాళ్ళు ముందుగా చేసే పని ఒకటుంది. గోనెసంచి నాలుగు మడతలు వేసి స్నానాల గది జాలీ మీద పరుస్తారు. దాని మీద ఓ బండరాయి పెడతారు. రోజూ బయటికి పోయే నీళ్ళు ఆ పూట లోపలికి తన్నుకొస్తాయి మరి. వాగు నిండితే మోరీ నిండుతుంది, మోరీ నిండితే ఇల్లు నిండుతుంది. బియ్యం డబ్బా మంచం మీదికెక్కుతుంది. వాన వెలిశాక ఇల్లు కడుక్కోవడానికి ఒక రోజు, ఆ వాసన పోవడానికి వారం. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంకో వారం ఆస్పత్రి చుట్టూ తిరుగుడు.

ఇవాళ ఆ నీళ్ళ గురించే మాట్లాడతాను. మన నిజామాబాద్ లాంటి ఓ మోస్తరు నగరం తన మురుగునీటికి దారి వేసుకోవాలంటే ముందు ఏం ఆలోచించాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, వచ్చిన డబ్బు ఏ చోట చాలకుండా పోతుంది అన్నదే నా ప్రసంగం. కార్పొరేషన్ కౌన్సిల్లో ఎజెండా కాగితం మీద ‘యూజీడీ’ అన్న మూడక్షరాలుగా కనిపించే ఈ భూగర్భ డ్రైనేజీ విషయం నిజానికి మన ప్రతి ఇంటి వెనుక పెరట్లో మొదలవుతుంది.

నీళ్ళు తెచ్చుకోవడంలో మన జిల్లాకు పెద్ద చరిత్రే ఉంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే ఇంజనీరు చూపు ఎంత దూరం సాగిందో ఆ ప్రధాన కాలువ వెంట బోధన్ దాకా వెళ్తే తెలుస్తుంది. ఆ నీళ్ళతో చెరుకు పండింది. చెరుకు పండింది కాబట్టి బోధన్‌లో 1930 దశకం చివర నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. వరి, చెరుకు, పసుపు వ్యాపారంతో ఇందూరు పెరిగి నిజామాబాద్ నగరమైంది. ఇంత పెరుగుదలకూ మూలం నీళ్ళు రావడమే. వాడేసిన నీళ్ళు ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు. ఊరు చిన్నదిగా ఉన్నంత కాలం అవసరమూ పడలేదు. పెరట్లో అరటిచెట్టు, కరివేపాకు చెట్టు తాగేవి, మిగిలింది మోరీలో ఇంకిపోయేది.

ఇప్పుడు లెక్క వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనం మూడు లక్షల పది వేల పైచిలుకు. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్ళో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ నియమావళి చెబుతుంది. అందులో 80 శాతం తిరిగి మురుగుగా వస్తుందని అదే నియమావళి లెక్క గడుతుంది. గుణించి చూడండి. ఆనాటి జనాభాకే రోజుకు దగ్గర దగ్గర 3 కోట్ల 35 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో నింపితే 6,700 ట్యాంకర్లు. ఇది ఒక్క రోజుది. తర్వాత చుట్టుపక్కల గ్రామాలు కలిశాయి, కార్పొరేషన్ 60 డివిజన్లయింది, ఒక్క ఇల్లు ఉన్న జాగాలో మూడంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. ఆ నీళ్ళు ఎన్ని కోట్ల లీటర్లయినా మోరీలు మాత్రం అవే.

మోరీ అసలు వాన నీటి కోసం కట్టింది. ఈ మాట మనం మరిచిపోయాం. రోడ్డు మీద పడ్డ వాన పక్కకు జారి వాగులో కలవడానికి సిమెంటుతో తెరిచి కట్టిన కాలువ అది. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని అందులోకి తిప్పింది మనమే. ట్యాంకు కట్టిన నాటి నుంచి ఒక్కసారీ తీయించని ఇళ్ళు ప్రతి గల్లీలో ఉంటాయి. అడుగంతా గడ్డకట్టిపోయాక ట్యాంకు ఉన్నా లేనట్టే, వచ్చింది వచ్చినట్టు మోరీలోకి పోతుంది. అందుకే భూగర్భ డ్రైనేజీ కావాలి. వాన నీటికి ఒక దారి, వాడిన నీటికి ఇంకో దారి. రెండూ ఎక్కడా కలవకూడదు.

మన పక్కనే ఉన్న హైదరాబాద్ ఈ పాఠం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గురించి అందరూ చెబుతారు. వరదలు ఆపడంతో పాటు నగరానికి మురుగు కాలువల పథకం కూడా ఉండి తీరాలని ఆయన పట్టుబట్టిన సంగతి తక్కువమందికి తెలుసు. ఆ పని కోసం ఆయన 1920 దశకంలో మళ్ళీ వచ్చారు. భూగర్భ కాలువలు వేయించారు. నూరేళ్ళ కిందటి ఆ పైపుల్లో కొన్ని పాతబస్తీలో ఇప్పటికీ నీళ్ళు మోస్తున్నాయి. కాకపోతే ఆనాటి జనాభాకు వేసిన పైపులో ఈనాటి జనాభా నీళ్ళు పోతున్నాయి, ఆ అవస్థ వేరే కథ.

నిజామాబాద్ 2005లో కార్పొరేషన్ అయింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం చిన్న, మధ్యతరహా పట్టణాల మౌలిక వసతుల కోసం ఒక పథకం తెచ్చింది. నూటికి 80 రూపాయలు ఢిల్లీ ఇస్తుంది, 10 రాష్ట్రం, మిగిలిన 10 ఊరు పెట్టుకోవాలి. దేశమంతటా మునిసిపాలిటీలు ప్రాజెక్టు నివేదికలు చంకన పెట్టుకుని రాజధానులకు పరుగెత్తిన రోజులవి. మన నగరంలోనూ భూగర్భ డ్రైనేజీ పనులు ఆ దశాబ్దంలోనే మొదలయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పని తెలంగాణ వచ్చాక కూడా సాగింది. రోడ్డు తవ్వడం, మట్టి కుప్పలు, ఆ కుప్పల్లో బడి పిల్లల సైకిళ్ళు పడడం, మళ్ళీ పూడ్చడం మనందరం చూసిందే.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు మాట చెబుతాను. భూగర్భ డ్రైనేజీ పథకం ఓడిపోయేది నడిరోడ్డు మీద కాదు. ఇంటి గడపకూ రోడ్డు మీది మ్యాన్‌హోల్‌కూ మధ్య ఉన్న ఇరవై, ముప్పై అడుగుల దగ్గర ఓడిపోతుంది. ఆ ఇరవై అడుగులకు డబ్బు ఎవరు పెడతారో తేల్చకుండా కోట్ల రూపాయల టెండరు పిలవకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే పైపు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. మురుగు పైపులో నీళ్ళను మోటారు తోయదు. పైపు వాలుగా ఉంటుంది, నీళ్ళు వాటంతట అవే జారతాయి. ఎత్తుగా ఉన్న గల్లీలో మూడడుగుల లోతున మొదలైన పైపు, పోగా పోగా పల్లంలో పదిహేను, ఇరవై అడుగుల లోతుకు దిగుతుంది. అప్పుడు పంపుతో పైకెత్తి మళ్ళీ వాలులో వదలాలి. మన దగ్గర కొన్ని చోట్ల నాలుగడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. తవ్వకం ఖర్చు రెట్టింపవుతుంది, కాంట్రాక్టరు చేతులెత్తేస్తాడు. సరే, అది తట్టుకుందాం.

అసలు చిక్కు నీటి వేగంతో. పైపులో నీళ్ళు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. అప్పుడే మట్టినీ మలాన్నీ జిడ్డునూ తమతో ఈడ్చుకుపోతాయి. ఆ వేగం రావాలంటే పైపులో తగినన్ని నీళ్ళుండాలి. గల్లీలో వంద ఇళ్ళుండి పాతిక ఇళ్ళే కలిపితే పైపు అడుగున సన్నటి ధార పారుతుంది. ధార కదులుతుంది, బరువైనవి కదలవు. అక్కడే పేరుకుంటాయి. రెండేళ్ళు తిరక్కుండానే కొత్త పైపు పూడుకుపోతుంది. అప్పుడు కనెక్షన్ తీసుకున్న పాతిక ఇళ్ళవాళ్ళు ‘ఎందుకు కలిపించుకున్నామా’ అని తలబాదుకుంటారు. వాళ్ళను చూసి మిగతా డెబ్బయి అయిదు ఇళ్ళవాళ్ళు అసలే కలపరు. పూడిక అంటే ఏమిటో నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం పూడికతో ఎంత కుదించుకుపోయిందో, కట్ట ఎత్తు పెంచాక కూడా 17.8 టీఎంసీల దగ్గరే ఎందుకు ఆగిందో మనకు తెలుసు. మురుగు పైపుకూ అదే గతి. చెరువుకు పూడిక పట్టడానికి ముప్పై, నలభై ఏళ్ళు పడుతుంది, పైపుకు రెండేళ్ళు చాలు.

మరి ఇళ్ళవాళ్ళు ఎందుకు కలిపించుకోరు? వాళ్ళను మొండివాళ్ళనుకుంటే పొరపాటు. పాత నిజామాబాద్ ఇంటిని ఒకసారి తలుచుకోండి. ముందు వాకిలి, తర్వాత ముందు గది, దాని వెనుక నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనుక పెరడు, పెరట్లో ఓ మూల మరుగుదొడ్డి. కొత్త పైపు పడింది ఇంటి ముందు రోడ్డు మీద. దొడ్డి నుంచి రోడ్డుకు పైపు వేయాలంటే వంటిల్లు, నడిమిల్లు, ముందు గది అన్నీ తవ్వాలి. పక్కింటి గోడకూ మన గోడకూ మధ్య మూరెడు సందుంటే అదృష్టం, చాలా ఇళ్ళకు ఆ సందు కూడా ఉండదు, గోడకు గోడ ఆనుకునే ఉంటుంది. షాబాదు బండలు లేపాలి, మళ్ళీ పరచాలి. తాపీమేస్త్రీ, కూలీ, ఆరంగుళాల పైపు, వంపు దగ్గర ఒక చాంబరు, గడప బయట ఇంకో చాంబరు. పైగా దొడ్డి మట్టం రోడ్డు పైపు కంటే పల్లంలో ఉంటే ఇంత చేసినా నీళ్ళు వెనక్కే వస్తాయి. బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆవిడను పట్టుకుని ‘అమ్మా, ఊరి మేలు కోసం ఇల్లు తవ్వుకో’ అని ఎవరనగలరు? ‘నా సెప్టిక్ ట్యాంకు నాకు బాగానే ఉంది బిడ్డా’ అంటుంది. ఆమె వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు.

అందుకే ఇంటి కనెక్షన్ ఖర్చు ఇంటివాళ్ళ మీద తోసేసి ప్రధాన పైపుకు మాత్రమే అంచనా వేయడం లెక్క తప్పడమే. కరెంటు మీటరు దాకా తీగ లాగినట్టు, కనీసం ఇంటి గోడ దాకా పైపు, ముందు చాంబరు పథకం ఖర్చులోనే ఉండాలి. నిరుపేద ఇళ్ళకు లోపలి పని కూడా పథకమే చేయాలి. ఏ ఇంటి దొడ్డి ఎంత పల్లంలో ఉందో, ఏ మూల ఉందో రోడ్డు తవ్వకముందే ఇంటింటికీ తిరిగి కొలుచుకోవాలి. ఇది ఇద్దరు ఇంజనీర్లు ఆఫీసులో కూర్చుని గూగుల్ మ్యాప్ మీద గీతలు గీసి చేసే పని కాదు. వార్డు శానిటరీ జవానుకు తెలిసినంతగా ఆ గల్లీ మట్టం కన్సల్టెంటుకు తెలియదు. ఆ జవానును పక్కన పెట్టుకుని చేయాలి.

ఇళ్ళ కనెక్షన్ల సంగతి తవ్వకముందే తేల్చుకున్న ఊరొకటి ఉంది. చెన్నై పక్కన ఆలందూరు. సుమారు లక్షన్నర జనంతో అప్పట్లో విడి మునిసిపాలిటీ. 1996లో ఎన్నికైన కౌన్సిలు, చైర్మన్ ఆర్.ఎస్. భారతి నాయకత్వంలో, భూగర్భ డ్రైనేజీ వేయాలని నిశ్చయించింది. అంచనా సుమారు 34 కోట్లు. చేతిలో అంత డబ్బు లేదు. వాళ్ళు చేసిన పని చూడండి: ముందు కాలనీ సంఘాల దగ్గరికి వెళ్ళారు. ఇంటికి 5,000 రూపాయల డిపాజిట్, దుకాణాలకు 10,000 అన్నారు. పైపు పడకముందే, తవ్వకం మొదలుకాకముందే జనం ఆ డబ్బు కట్టారు. ఆనాటి 5,000 అంటే చిన్న మొత్తం కాదు. కౌన్సిలు సభ్యులు వీధి వీధికీ తిరిగి లెక్క వివరించారు, పనికి నివాసుల సంఘాలు కాపలా కాశాయి. మిగిలిన డబ్బును రాష్ట్ర పట్టణాభివృద్ధి నిధి నుంచి అప్పుగా, గ్రాంటుగా తెచ్చారు. నిర్మాణం చేసినవాళ్ళు మన హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్, దానితో కలిసి వాటెక్ వాబాగ్. శుద్ధి కేంద్రం కట్టినవాళ్ళే కొన్నేళ్ళు నడిపి ఆపై అప్పగించాలన్నది ఒప్పందం.

ఆలందూరులో నాకు నచ్చింది డబ్బు పోగుచేసిన తీరు కాదు. డిపాజిట్ కట్టిన మనిషి కనెక్షన్ తీసుకుని తీరతాడు. అదీ అసలు కిటుకు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు కలుస్తాయో తవ్వకం మొదటి రోజుకే లెక్క తేలిపోయింది. పైపు ఖాళీగా పడి ఉండే బెడద తప్పింది. మన దగ్గర ఇదే పద్ధతి యథాతథంగా పెట్టమనడం లేదు. బీడీ కార్మికుల వాడలో 5,000 రూపాయల మాటే ఎత్తకూడదు. వినాయక్‌నగర్, సుభాష్‌నగర్ వంటి కాలనీల్లో, బస్టాండు చుట్టూ ఆస్పత్రులు, హోటళ్ళు, లాడ్జీలు ఉన్న వీధుల్లో మాత్రం కచ్చితంగా అడగవచ్చు. ఎక్కువ నీళ్ళు వాడేవాళ్ళు ఎక్కువ కట్టాలి. ఖలీల్‌వాడిలో ఒక్కో నర్సింగ్ హోము రోజుకు వదిలే నీళ్ళు ఒక చిన్న గల్లీ వదిలేవాటికి తక్కువేం కావు.

ఇప్పుడు పై నుంచి వచ్చే డబ్బు సంగతి. 80 రూపాయలు ఢిల్లీ ఇచ్చే రోజులు పోయాయి. 2015లో పట్టణాల వసతుల కోసం కేంద్రం అమృత్ పథకం తెచ్చింది, నిజామాబాద్ ఆ జాబితాలో ఉంది. 2021 అక్టోబరు 1న దాని రెండో దశ మొదలైంది. ఈ రెండో దశలో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాలకు కేంద్రం ఇచ్చేది మూడో వంతు. అంటే నిజామాబాద్‌కు నూటికి 33 రూపాయలు. మిగతా 67 రాష్ట్రమూ ఊరూ కలిసి పెట్టుకోవాలి. ఇచ్చేదీ ఒకేసారి ఇవ్వరు. మొదట 20 శాతం, తర్వాత 40, ఆపైన 40. ముందు ఇచ్చినదానికి ఖర్చు ధ్రువపత్రం పంపితేనే తర్వాతి వాయిదా. రాష్ట్రం వాటా ఆలస్యమైతే కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే ధ్రువపత్రం రాదు, అది రాకపోతే తర్వాతి వాయిదా రాదు. సగం తవ్వి వదిలేసిన రోడ్డు వెనుక చాలాసార్లు ఉండేది ఈ గొలుసే. అందుకని కౌన్సిలు తన వాటాను పని మొదలుకాకముందే విడి ఖాతాలో వేసి, దాన్ని ఇంకో పనికి ముట్టుకోకుండా తీర్మానం చేయాలి. జీతాలకు చాలనప్పుడు ముందుగా కన్ను పడేది అలాంటి ఖాతా మీదే కాబట్టి ఆ తీర్మానం గట్టిగా ఉండాలి.

అమృత్ రెండో దశకు ఒక మంచి గుణం ఉంది. మురుగునీటి విషయంలో కిలోమీటర్లతో పాటు కనెక్షన్లను కూడా లక్ష్యంగా పెట్టుకుంది. 500 అమృత్ నగరాల్లో 2 కోట్ల 64 లక్షల ఇళ్ళకు మురుగు లేదా సెప్టిక్ సేవ అందాలని లెక్క రాసుకుంది. మన కౌన్సిలు కూడా ప్రగతి నివేదికలో ‘ఇన్ని కిలోమీటర్ల పైపు పూర్తి’ అని రాయడం మానాలి. ఏ డివిజన్‌లో ఎన్ని ఇళ్ళ నీళ్ళు ఈ నెల పైపులో పడ్డాయో రాయాలి. కిలోమీటర్ల లెక్క కాంట్రాక్టరు బిల్లుకు పనికొస్తుంది, ఇళ్ళ లెక్క మనకు పనికొస్తుంది.

పైపు చివర శుద్ధి కేంద్రం ఉంటుంది. దాన్నే ఎస్టీపీ అంటారు. లోపల జరిగేది వింత ఏమీ కాదు. ముందు జాలీలు పెట్టి ప్లాస్టిక్ సంచులు, గుడ్డపీలికలు ఆపుతారు. ఇసుకను అడుగుకు దిగనిస్తారు. తర్వాత పెద్ద తొట్లలో గాలి కొడతారు. ఆ గాలి పీల్చుకుని కోట్లాది సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి ఇది. పేర్లు, యంత్రాలు మారినా ప్రపంచమంతటా నేటికీ మూలం అదే. మురికిని కొలిచే బీఓడీ అన్న కొలత ఇంటి మురుగులో లీటరుకు 250 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని 10కి దించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది.

గాలి కొట్టడానికి కరెంటు కావాలి, పగలూ రాత్రీ. ఈ మాట దగ్గర ఆగి ఆలోచించాలి. కట్టడానికి కేంద్రం డబ్బు ఇస్తుంది, రాష్ట్రం డబ్బు ఇస్తుంది. కట్టాక నెల నెలా వచ్చే కరెంటు బిల్లు మాత్రం ఊరే కట్టుకోవాలి. బిల్లు బకాయి పడితే మోటారు ఆగుతుంది. గాలి చాలాసేపు ఆగితే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, మళ్ళీ పెంచుకోవడానికి సమయం పడుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. శుద్ధి చేయడానికి కట్టిన సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. అంటే కట్టుకున్నదాంట్లో కూడా మూడో వంతు పైగా ఉత్తగా పడి ఉంది. కొన్నిచోట్ల కరెంటు లేక, కొన్నిచోట్ల మనుషులు లేక, చాలాచోట్ల ఇళ్ళ కనెక్షన్లు లేక శుద్ధి కేంద్రం దాకా మురుగే రాక. మళ్ళీ ఆ ఇరవై అడుగుల దగ్గరికే వచ్చాం చూడండి.

ఆ బిల్లు కట్టడానికి ఇంటిపన్నులో కొంత భాగాన్ని చట్టబద్ధంగా కేటాయించవచ్చు. నల్లా బిల్లుతో పాటు చిన్న డ్రైనేజీ రుసుము పెట్టవచ్చు. ఎన్నికలు దగ్గరపడితే ఏ కార్పొరేటరూ ఈ మాట ఎత్తడు. ఎత్తకపోవడం వల్ల ఏమవుతుందో కూడా జనానికి చెప్పాలి కదా. శుద్ధి చేసిన నీళ్ళను అమ్ముకునే దారి కూడా ఉంది. ఇందాక చెప్పుకున్న 3 కోట్ల 35 లక్షల లీటర్లు ఏడాదికి లెక్కేస్తే 0.43 టీఎంసీ అవుతుంది. వానలున్నా లేకున్నా, నిజాంసాగర్ నిండినా ఎండినా తప్పకుండా వచ్చే నీళ్ళు అవి. పార్కులకు, కొత్త కట్టడాలకు, ఆటోనగర్‌లో లారీలు కడగడానికి, ఊరి చివర పశుగ్రాసం పొలాలకు తాగునీరు వాడాల్సిన పని లేదు.

బోధన్ సంగతి చెప్పకుండా ముగించలేను. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ ఊరి ఆదాయం, ఆ ఊరి ఇళ్ళల్లో చేతిడబ్బు ఎలా పడిపోయాయో అక్కడివాళ్ళకు తెలుసు. అలాంటి ఊరికి నిజామాబాద్ తరహా పూర్తి భూగర్భ డ్రైనేజీ ఇప్పుడే తలకెత్తడం మంచిది కాదనుకుంటాను. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటికి స్వచ్ఛ భారత్ రెండో దశలో కేంద్రం సగం ఇస్తుంది. ఆ డబ్బుతో చేయగల తెలివైన పని ఉంది. వరంగల్ కార్పొరేషన్ 2016లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థం మీద నిబంధనలు చేసింది. ట్యాంకర్లకు లైసెన్సు, తీసినది ఎక్కడ పడితే అక్కడ పారబోస్తే జరిమానా. అమ్మవారిపేట దగ్గర శుద్ధి కేంద్రం పెట్టి ట్యాంకర్లు అక్కడే ఖాళీ చేసేలా చూసింది. బోధన్, ఆర్మూర్ వంటి ఊళ్ళకు ఇదే ముందు మెట్టు. ప్రతి ఇంటి ట్యాంకు మూడేళ్ళకోసారి తప్పనిసరిగా తీయాలి, ఇంటివాళ్ళు పిలిచేదాకా ఆగకూడదు, వార్డు వారీ జాబితా ప్రకారం మునిసిపాలిటీయే ట్యాంకరు పంపాలి. మోరీల్లోకి వచ్చే నీటిని ఊరి చివర ఆపి శుద్ధి చేయాలి. పైపులు తర్వాత వేసుకోవచ్చు.

ఇందులో ఊరి లాభనష్టాలకు మించినది ఒకటుంది. పైపు పూడుకున్నప్పుడు దాన్ని తెరిచేది ఎవరు? మ్యాన్‌హోల్ మూత లేపి చూడండి. అడుగున నల్లటి నీళ్ళు, పైన తేలే నూనె జిడ్డు, శానిటరీ ప్యాడ్లు, షాంపూ కవర్లు, ఎవరో పారబోసిన సిమెంటు మాలు. గోడలకు వేలాడుతూ బొద్దింకలు. వెదురు బద్దతో పొడిచి చూసి, పూడిక కదలకపోతే మనిషి లోపలికి దిగడం ఈ దేశంలో ఏళ్ళ తరబడి సాగిన ఆచారం. లోపల పేరుకున్న విషవాయువు ఒకటి రెండు ఊపిరులకే మనిషిని పడేస్తుంది. ఒకరిని తీయబోయి ఇంకొకరు పోతారు. దీన్ని ఆపడానికి బెజవాడ విల్సన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారూ సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థను నిలబెట్టారు. 2013లో ఈ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2014లో, మళ్ళీ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. మురుగు కాలువలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం అన్నది రెండో తీర్పు. పరిహారం ఎంతైనా పోయిన మనిషి తిరిగి రాడు.

కాబట్టి పైపుకు టెండరు పిలిచిన రోజే యంత్రాలకూ పిలవాలి. 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది, ఇరుకు గల్లీల్లోకి కూడా దూరేవి. వాటిని దళిత యువకులకు యజమానులుగా ఇప్పించింది. తరాలుగా చేత్తో చేసిన పనిని వాళ్ళు యంత్రంతో, సొంతదారులుగా చేశారు. నిజామాబాద్ గాజుల్‌పేట, అహ్మదీ బజారు వంటి ఇరుకు వీధులకు పెద్ద లారీ జెట్టింగ్ యంత్రం పనికిరాదు. చిన్నవే కావాలి. ఆ ఖర్చు ప్రాజెక్టు అంచనాలో మొదటి పేజీలోనే ఉండాలి.

చివరగా గోదావరి మాట. మన ఊరి వాగులు ఏ మలుపు తిరిగినా చివరకు గోదావరిలోకే పోతాయి. దిగువన శ్రీరాంసాగర్ ఉంది. అదే జలాశయం నుంచి ఉత్తర తెలంగాణలో ఎన్నో ఊళ్ళకు మిషన్ భగీరథ తాగునీళ్ళు వెళ్తున్నాయి. ఎగువన కందకుర్తిలో మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే చోట మనం మొక్కి, మునిగి, బిందె నింపుకొస్తాం. దిగువకు మనం పంపేది వేరొకరి బిందెలో పడుతుంది.

కార్పొరేషన్ బడ్జెట్ సమావేశానికి ముందు మీ డివిజన్ కార్పొరేటరు మీ వాకిట్లోకి వస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. మన గల్లీలో ఎన్ని ఇళ్ళ కనెక్షన్లకు డబ్బు పెట్టారు, ఎస్టీపీ కరెంటు బిల్లుకు ఏడాదికి ఎంత రాశారు, జెట్టింగ్ యంత్రాలు ఎన్ని అని అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితాన్ని కాలనీ సంఘం గోడ మీద అంటించండి, మరుసటి ఏడాది అదే నెలలో పక్కన రెండో కాగితం అంటించడానికి చోటు వదిలి.